యాత్రా సందేహాలు: పిల్లలతో స్పెయిన్, చేతికందే ఖర్చులో

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు స్పెయిన్ గురించే. ఐరోపాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు బడి సెలవుల్లో నాలుగైదు రోజులు ఏదో ఒక ఊరికి వెళ్లి రావడం ఇప్పుడు మామూలైంది. హైదరాబాద్ నుంచి నేరుగా బయలుదేరాలనుకునే వారూ రాశారు. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, పేర్లు తీసివేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. పిల్లలకు తొమ్మిదేళ్లు, అయిదేళ్లు. మే నెలాఖరు సెలవుల్లో అయిదు రోజులు స్పెయిన్ వెళ్దామనుకుంటున్నాం. బార్సిలోనా, మాడ్రిడ్, వలెన్సియా మూడూ చుట్టి రావాలని మావారి పట్టుదల. ఖర్చు మాత్రం అదుపు దాటకూడదు. సాధ్యమేనా?

జవాబు: మూడు ఊళ్లు చూడడం సాధ్యమే, ఖర్చును అదుపులో పెట్టుకోవడమూ సాధ్యమే. అయిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఆ రెండూ ఒకేసారి చేయడం మాత్రం సాధ్యం కాదు. వేగరైలులో మాడ్రిడ్ నుంచి వలెన్సియాకు సుమారు రెండు గంటలు, మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకు రెండున్నర గంటల పైచిలుకు పడుతుంది. కాగితం మీద ఇది చిన్న ప్రయాణంలాగే కనిపిస్తుంది. అయితే ఒక గది మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలి, రెండో ఊళ్లో గది మూడింటి తర్వాత గానీ ఇవ్వరు. స్టేషన్‌లో సామాను తనిఖీకి కొంత ముందే చేరాలి, ఈ మధ్యలో పెట్టెలు పక్కన పెట్టుకుని నలుగురూ బయట భోంచేయాలి. ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట పోతుంది. ఆ పూట పెట్టిన డబ్బుకు పిల్లలు చూసేది స్టేషన్‌లో వేచి ఉండే గది తప్ప మరొకటి ఉండదు. కాబట్టి ఒకే ఊరు ఎంచుకోండి, అక్కడే నాలుగు రాత్రులు ఉండండి. ఆ ఊరు వలెన్సియా అయితే మంచిదని నా అభిప్రాయం.

జనాభాలో వలెన్సియా స్పెయిన్‌లో మూడో పెద్ద నగరం. అయినా వసతి ఖర్చు సాధారణంగా బార్సిలోనా కంటే తక్కువే ఉంటుంది. ఊరంతా చదునుగా ఉంటుంది కనుక స్ట్రోలర్ తోసుకుంటూ ఎంత దూరమైనా నడవవచ్చు. విమానాశ్రయం నుంచి 3, 5 నంబర్ల మెట్రో రైళ్లు ఊరి మధ్యకు వస్తాయి, మరో పక్క సముద్రతీరం ట్రామ్ దూరంలో ఉంది. అన్నింటికంటే ముఖ్యం, ఈ ఊళ్లో పిల్లలకు అన్నిటికన్నా నచ్చే చోటుకు టికెట్ లేదు.

ఆ చోటు తూరియా నది పాత గర్భం. 1957 అక్టోబరులో వచ్చిన వరదకు ఊరు మునిగి, ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం నదిని ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్లించింది. ఎండిపోయిన పాత నదీగర్భంలో పెద్ద రహదారి వేయాలని మొదట అనుకున్నారు. జనం ఒప్పుకోలేదు, మాకు తోట కావాలని పట్టుబట్టారు. ఇప్పుడది తొమ్మిది కిలోమీటర్ల పొడవైన ఉద్యానవనం. రాతి వంతెనలు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి కింద నుంచి నీళ్లకు బదులు సైకిళ్లు పోతుంటాయి. ఇంత పొడవునా పిల్లలను కార్ల భయం లేకుండా వదిలేయగలగడం తల్లిదండ్రులకు ఎంత విశ్రాంతో అనుభవించిన వారికే తెలుస్తుంది.

ఆ తోటలోనే, తూర్పు భాగంలో, గల్లివర్ ఉన్నాడు. 1990లో కట్టిన ఈ ఆటస్థలంలో డెబ్బై మీటర్ల పొడవైన గల్లివర్ తాళ్లతో కట్టేసి వెల్లకిలా పడి ఉంటాడు. అతని జుట్టు, కోటు మడతలు, చేతివేళ్లు అన్నీ జారుడుబల్లలూ మెట్లూ నిచ్చెనలే. పైనుంచి చూస్తే అతని మీద పాకే పిల్లలందరూ కథలోని లిల్లిపుట్ వాసుల్లా కనిపిస్తారు. ప్రవేశం ఉచితం. రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. నిక్కర్లు కాకుండా పొడుగు ప్యాంట్లు వేయండి, లేకపోతే జారేటప్పుడు మోకాళ్లు, తొడలు ఒరుసుకుపోతాయి. మధ్యాహ్నపు ఎండకు ఆ బల్లలు కాలుతాయి కనుక పొద్దున పదకొండుకు ముందో, సాయంత్రమో వెళ్లండి. మే నెలాఖరులో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే, సాయంత్రం చాలా పొడవు.

గల్లివర్ దగ్గరి నుంచి కొంచెం ముందుకు నడిస్తే కళలు, విజ్ఞానాల నగరమనే తెల్లటి కట్టడాల సముదాయం వస్తుంది. అందులో ఎక్కువ భాగానికి ఆ ఊరివాడే అయిన వాస్తుశిల్పి శాంతియాగో కలత్రావా రూపకల్పన చేశాడు. బయట లోతులేని నీటి కొలనుల పక్కన తిరగడానికి, ఫొటోలు తీసుకోవడానికి పైసా ఇవ్వనక్కర్లేదు, అసలు అందమంతా బయటే ఉంది. లోపల డబ్బు పెట్టవలసిన చోటు ఒకటే, 2003లో తెరిచిన ఓసియానోగ్రాఫిక్ అక్వేరియం. నలుగురికి నూరు యూరోలు దాటుతుంది. నదీగర్భానికి పడమటి చివర, 2008లో తెరిచిన బయోపార్క్ ఉంది. అక్కడ కంచెలు కంటికి కనిపించకుండా మలిచారు కనుక ఆఫ్రికా జంతువుల మధ్యే నడుస్తున్నట్టు ఉంటుంది. ఈ రెండిటిలో ఒక్కటే ఎంచుకోండి. తొమ్మిదేళ్ల పిల్లకు ఏది కావాలో ఇంట్లోనే అడిగి తేల్చేయండి, అక్కడికి వెళ్లాక అడిగితే రెండూ అంటుంది.

మీ ప్రయాణంలో గురువారం కలిసేటట్టు చూసుకోండి. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ప్రధాన చర్చి ద్వారం ముందు, బహిరంగంగా, జల న్యాయస్థానం కూర్చుంటుంది. చుట్టుపక్కల పొలాలకు నీరిచ్చే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న ప్రతినిధులు నల్ల అంగీలు తొడుక్కుని వలయంగా కూర్చుంటారు. ఒక బంట్రోతు ఒక్కో కాలువ పేరు పిలిచి ఫిర్యాదులున్నాయా అని కేకవేస్తాడు. వాదన, తీర్పు అంతా నోటిమాటే. చాలా వారాలు ఫిర్యాదే ఉండదు, అయిదు నిమిషాల్లో ముగిసిపోతుంది. యునెస్కో 2009లో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కాలువ చివరి పొలానికి నీళ్లు అందక గొడవపడే గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చిన కుటుంబమైతే, పిల్లలకు తాతగారి ఊరి సంగతులు చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

ఆదివారం కూడా పనికొస్తుంది. పదిహేనో శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టిన పట్టు వర్తకుల మండపం లా లోన్హా, పాత కోటగుమ్మమైన సెర్రానోస్ బురుజులు ఆ రోజు ఉచితం. లోన్హాకు ఎదురుగా ఉన్న సెంట్రల్ మార్కెట్ మాత్రం ఆదివారం తెరవరు, మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు.

ప్రశ్న: హోటల్ గదా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటా? నలుగురికి రోజుకు ఎంత అనుకోవాలి?

జవాబు: స్పెయిన్‌లో ఇద్దరి గదిలో నలుగురిని సాధారణంగా ఉండనివ్వరు. నలుగురి గది దొరకడం కష్టం, దొరికినా అది రెండు గదుల ధరకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటలే మేలు. విడి అపార్ట్‌మెంట్ తీసుకుంటే ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. 2025 జులై నుంచి స్వల్పకాలిక వసతులకు జాతీయ రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. దిగేటప్పుడు అందరి పాస్‌పోర్టు వివరాలు అడుగుతారు, అది అక్కడి చట్టం, అనుమానించనక్కర్లేదు.

వలెన్సియాలో నేను సూచించే పేట బెనిమాక్లెట్. ఒకప్పుడు విడి గ్రామం, ఇప్పుడు ఊళ్లో కలిసిపోయి విద్యార్థుల పేట అయింది. విమానాశ్రయం నుంచి 3 నంబరు మెట్రో మారకుండా అక్కడికే వస్తుంది, సముద్రతీరానికి ట్రామ్ అక్కడి నుంచే దొరుకుతుంది. పాత ఊరి మధ్యలో ఎల్ కార్మెన్, లేదా రుసాఫా పేటల్లో దిగితే శుక్ర, శని రాత్రుల సందడికి పిల్లలు నిద్రపోరు. విమానం ఖర్చు కాక, వసతికి నూట ఇరవై నుంచి నూట యాభై, తిండికి అరవై, రవాణాకూ ప్రవేశాలకూ ముప్పై, మొత్తం రోజుకు రెండు వందల పది నుంచి రెండు వందల నలభై యూరోలు అనేది నా అంచనా. అక్వేరియం వెళ్లే రోజును విడిగా లెక్క వేసుకోండి. మార్చి 15 నుంచి 19 వరకు ఫాయాస్ ఉత్సవాలప్పుడు ఈ అంచనాలేవీ నిలవవు, ఆ టపాసుల మోతకు చంటిపిల్లలు కూడా నిలవరు.

విమానం గురించి ఒక్క మాట. చౌక విమానాల్లో టికెట్ కంటే సంచుల మీదే ఎక్కువ పోతుంది. సీటు కింద పట్టే సంచి మనిషికొకటి, మొత్తం కుటుంబానికి ఒకే ఒక్క పెద్ద పెట్టె అనుకుంటే సరిపోతుంది. మీరు భారత పాస్‌పోర్టుతో వెళ్తుంటే, ఆన్‌లైన్‌లో చెకిన్ చేసినా కొన్ని సంస్థలు విమానాశ్రయంలో వీసా పత్రాలు చూపించి ముద్ర వేయించుకోమంటాయి. ఆ వరుసకు అరగంట అదనంగా పెట్టుకోండి.

ప్రశ్న: మేము శాకాహారులం, మా అత్తగారు కోడిగుడ్డు కూడా ముట్టరు. పిల్లలు రాత్రి పెరుగన్నం లేనిదే పడుకోరు. స్పెయిన్‌లో ఆకలితో మాడాల్సిందేనా?

జవాబు: మాడనక్కర్లేదు గానీ, అక్కడి వేళలకు లొంగాలి. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం ఒకటిన్నర నుంచి మూడున్నర మధ్య, రాత్రి భోజనం ఎనిమిదిన్నర తర్వాత. సాయంత్రం ఆరింటికి పిల్లలకు ఆకలి వేస్తే చాలా చోట్ల వంటగదులు మూసి ఉంటాయి. ఆ వేళకు తెరిచి ఉండేవి పర్యాటకుల కోసం పెట్టిన బొమ్మల మెనూ హోటళ్లు, ధరలూ రుచీ రెండూ అక్కడే దెబ్బతింటాయి. కాబట్టి రోజు పెద్ద భోజనం మధ్యాహ్నమే బయట కానిచ్చి, రాత్రికి గదిలో వండుకోండి.

పనిదినాల్లో మధ్యాహ్నం 'మెను దెల్ దియా' అని ఉంటుంది. మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, పానీయం, చివర తీపి లేదా కాఫీ అన్నీ కలిపి ఒకే ధర, చాలా చోట్ల పన్నెండు నుంచి పదహారు యూరోలు. ఉద్యోగులు తినే భోజనం కనుక కడుపు నిండుతుంది. పెద్దలిద్దరికీ రెండు తీసుకుంటే చిన్నపిల్లకు వేరే చెప్పనక్కర్లేదు. మంచినీళ్ల సీసా కొననక్కర్లేదు కూడా, 2022 చట్టం ప్రకారం హోటళ్లు కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. 'అగ్వా దెల్ గ్రిఫో' అనండి.

మాంసం లేదు అంటే అక్కడ పెద్ద ముక్కలు లేవు అని అర్థం చేసుకునేవారున్నారు. సెనగల కూరలో, కాయధాన్యాల పులుసులో పంది మాంసపు తునకలు ఉండవచ్చు, మామూలు సలాడ్ మీద ట్యూనా చేప వేసి తెస్తారు. అందుకే 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్' (మాంసం, చేప, పంది మాంసం లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పాలి, అత్తగారి కోసం 'సిన్ వెవో' (గుడ్డు లేకుండా) అని కూడా. తోర్తియా అనే బంగాళాదుంప అట్టులో గుడ్డు ఉంటుంది కనుక అది పిల్లలకే. టమాటా పూసిన రొట్టె, వేయించిన పద్రోన్ పచ్చిమిరపకాయలు, కాల్చిన వంకాయ, క్యాప్సికంతో చేసే ఎస్కలివాదా ఆవిడకు హాయిగా సరిపోతాయి. పద్రోన్ మిరపకాయల్లో అక్కడొకటి ఇక్కడొకటి తప్ప కారం ఉండదు, గుంటూరు నాలుకకు అదీ తెలియదు. పాయెల్లా అనే అన్నం వంటకం వలెన్సియా అసలు పద్ధతిలో చేస్తే అందులో కోడి, కుందేలు మాంసం ఉంటాయి. కూరగాయల పాయెల్లా దొరికినా దాన్ని మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగండి.

ఇక పెరుగన్నం. వలెన్సియా ప్రాంతంలోనే పుట్టిన మెర్కదోనా సూపర్‌మార్కెట్ అడుగడుగునా ఉంటుంది, ఆదివారం చాలావరకు మూసేస్తారు కనుక శనివారమే సరుకులు తెచ్చుకోండి. పెరుగు డబ్బా మీద 'నాతురాల్' అని ఉంటే చాలదు, పక్కనే 'అసుకరాదో' అన్న మాట ఉంటే అది తీపి పెరుగు, ఆవాల పోపు పెట్టాక గానీ తెలియదు. బియ్యం దగ్గర కూడా ఇలాంటిదే. 'అరోస్ రెదోందో' అనే పొట్టి గింజ పాయెల్లా బియ్యం, మన పద్ధతిలో వండితే మెత్తబడి ముద్దవుతుంది, పెరుగన్నానికైతే పనికొస్తుంది గానీ పప్పులోకి బాగుండదు. పొడి అన్నం కావాలంటే 'అరోస్ లార్గో' తీసుకోండి.

ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి. నెయ్యి తీసుకెళ్లవద్దు. ఐరోపా కూటమి బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాలతో, మాంసంతో చేసినవేవీ తేకూడదు, బ్రిటన్ నుంచి వచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, పోపు డబ్బాలో ఎండబెట్టింది చాలు.

మెట్రో 3 నంబరు మార్గంలోనే ఇంకొంచెం ముందుకు వెళ్తే అల్బొరాయా వస్తుంది. తుంగజాతి మొక్క గడ్డలను నానబెట్టి, రుబ్బి, వడకట్టి చేసే చల్లటి ఒర్చాతా అక్కడి ప్రత్యేకత. పాలు, గుడ్డు ఏమీ పడని ఆ తెల్లటి పానీయం మీ అత్తగారు కూడా నిశ్చింతగా తాగవచ్చు. అందులో ముంచుకు తినే పొడవాటి ఫర్తోన్ బన్నులు మాత్రం గుడ్డుతో చేస్తారు.

ప్రశ్న: మేము లండన్‌లో భారత పాస్‌పోర్టులతో ఉంటున్నాం, చిన్నబ్బాయిది బ్రిటిష్ పాస్‌పోర్టు. మా తమ్ముడి కుటుంబం మ్యూనిక్‌లో ఉంది. వీసా ఎవరెవరికి కావాలి?

జవాబు: మీకు, మీవారికి, భారత పాస్‌పోర్టు ఉన్న ఇతర పిల్లలకు, ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలి, చిన్నబ్బాయికి అక్కర్లేదు. మీ తమ్ముడి కుటుంబం దగ్గర జర్మనీ నివాస అనుమతి కార్డు ఉంటే పాస్‌పోర్టుతో పాటు అది చాలు, విడిగా వీసా అక్కర్లేదు. ఇదే ప్రశ్న డబ్లిన్ నుంచి కూడా వచ్చింది. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు కనుక అక్కడి వారికి వీసా కావాలి.

2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వారికి లేదు. దరఖాస్తు కేంద్రం తన సేవా రుసుమును దీని మీద వేసుకుంటుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే పెద్ద పని కనుక మొదట తేదీ పట్టుకుని, ఆ తర్వాతే వెనక్కి డబ్బు రాని టికెట్ల జోలికి వెళ్లండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు గానీ, జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి అంగీకారం కావాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. స్పెయిన్ మనిషికి రోజుకు 110 యూరోలకు పైగా చేతిలో ఉన్నట్టు ఆధారం చూస్తుంది. మీరు పొదుపుగా తిరగబోతున్నా, బ్యాంకు ఖాతా మాత్రం పొదుపుగా కనిపించకూడదు.

ప్రశ్న: మాడ్రిడ్ మ్యూజియంలన్నీ సాయంత్రాలు ఉచితమని విన్నాం. నిజమేనా?

జవాబు: అన్నీ కాదు. ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు, ఆదివారం అయిదు నుంచి ఏడు వరకు ఉచితం. పద్దెనిమిదేళ్ల లోపు వారికి ఎప్పుడూ ఉచితమే. కానీ ఆ ఉచిత వేళకు వరుస పొడవుగా ఉంటుంది, ఆరింటికి పిల్లలు అలసిపోయి ఉంటారు. నన్నడిగితే పెద్దలిద్దరికీ టికెట్ కొని పొద్దున్నే వెళ్లి, గంటన్నరలో బయటపడి, దగ్గరలోనే ఉన్న రెతీరో ఉద్యానవనంలో పడవ ఎక్కించడం మంచిది. రాజప్రాసాదానికి కూడా ఉచిత వేళలున్నాయి గానీ అవి ఐరోపా కూటమి పౌరులకు, అక్కడ నివాస అనుమతి ఉన్నవారికి, లాటిన్ అమెరికా దేశాల పౌరులకే. ఆ అనుమతి లేకుండా, భారత పాస్‌పోర్టు ఒక్కదానితో ఆ వరుసలో నిలబడి ప్రయోజనం లేదు.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి వెళ్లాలంటే ఏ నెల మంచిది? దసరా సెలవుల్లో వెళ్దామంటే, వలెన్సియా వరదల వార్తలు గుర్తొచ్చి భయమేస్తోంది.

జవాబు: మన బడుల వేసవి సెలవులు మీకు కలిసొస్తాయి. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం వరకు మన పిల్లలు ఇంట్లో ఉంటారు, స్పెయిన్ పిల్లలు ఇంకా బడిలో ఉంటారు. ఎండ ముదరదు, హోటళ్ల ధరలు జులై, ఆగస్టు స్థాయికి చేరవు. ఈస్టర్ వారం, మే 1 చుట్టుపక్కల రోజులు తప్పించుకుంటే చాలు. గల్ఫ్ నగరాల మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో వెళ్లాలి కనుక ఇంత దూరానికి నాలుగు రోజులు చాలవు, మాడ్రిడ్‌లో దిగి మూడు రాత్రులు, వలెన్సియాలో అయిదు రాత్రులు అనుకోండి. ఊరు ఒక్కసారే మారతారు.

2024 అక్టోబరు 29న వచ్చిన వరదలో వలెన్సియా ప్రాంతంలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ నష్టం దక్షిణ శివారు పట్టణాల్లో జరిగింది. నదిని మళ్లించడం వల్ల నగరం మధ్య భాగం చాలావరకు తప్పించుకుంది. శరదృతువులో మధ్యధరా తీరంలో కొద్ది గంటల్లోనే కుండపోత వాన కురిసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అలాగని అక్టోబరు పూర్తిగా మానుకోనక్కర్లేదు, చాలా రోజులు వాతావరణం ఆహ్లాదంగానే ఉంటుంది. అయేమెత్ అనే స్పెయిన్ వాతావరణ సంస్థ హెచ్చరికలను పొద్దున్నే చూడండి. ఎరుపు హెచ్చరిక ఉన్న రోజు శివార్లకు, అల్బుఫేరా సరస్సుకు వెళ్లే కార్యక్రమం మానుకుని గదిలోనే ఉండండి, వీలైతే పై అంతస్తులో. ఫోన్ పెద్దగా మోగి ప్రభుత్వ సందేశం వస్తే దాన్ని పక్కన పెట్టకుండా చదవండి. అత్యవసర నంబరు 112.

ప్రశ్న: పిల్లవాడు సాగ్రదా ఫమీలియా చర్చి చూడాలంటున్నాడు. బార్సిలోనాలో మెట్రో కార్డు నలుగురికీ ఒకటి చాలా?

జవాబు: పది ప్రయాణాల టీ-కాజువల్ ఒక మనిషికే చెల్లుతుంది. కుటుంబమంతా వాడుకోదగినది ఎనిమిది ప్రయాణాల టీ-ఫమిలియార్. మాడ్రిడ్‌లో పది ప్రయాణాల టికెట్‌ను, వలెన్సియాలో సుమా 10 కార్డును ఎందరైనా పంచుకోవచ్చు. సాగ్రదా ఫమీలియాలో పదకొండేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, అయినా వారికి కూడా పెద్దల టికెట్‌తో పాటే అధికారిక సైట్‌లో సమయం బుక్ చేయాలి. మెట్రోలో జేబుదొంగల బెడద ఉంది కనుక పాస్‌పోర్టులు గదిలో తాళం వేసి పెట్టి, నకళ్లు పట్టుకుని తిరగండి.